గుండుసూదుల సేనాపతి

ఇంగ్లండులోని ఇల్కెస్టన్ ఊళ్ళో సిరిల్ టౌల్ మెచ్చుకున్న మనిషి ఒక్కడూ లేడు. ఉత్తరాలు పంచేవాడి నడక అతనికి నచ్చేది కాదు. చర్చిలో పాదిరిగారి గొంతు నచ్చేది కాదు. పక్కింటివాళ్ళు కంచె పొడుగునా గులాబీలు పెంచుకుంటే, "క్యాబేజీలు వేసుకున్నా కూరకి పనికొచ్చేవి" అనేవాడు. అంతమందిని ఈసడించే ఈయనగారు పొడిచిందేమిటయ్యా అంటే, పురపాలక కార్యాలయంలో వీధిదీపాల గుమాస్తా. ఏ వీధిలో దీపం వెలగడం లేదో జనం వచ్చి చెబితే రాసుకోవడం అతని పని. వెలిగించడం అతని పని కాదు. ఆ రెండింటికీ ఉన్న తేడా ఎంత పెద్దదో వచ్చినవాళ్ళకి విడమరిచి చెప్పి మరీ పంపేవాడు.

అతనికి పెళ్ళయిన కొత్తలో, అదే వీధిలో ఉండే లెన్ హెన్షా అనే బొగ్గుగని కుర్రాడు ఓ ఆదివారం మధ్యాహ్నం అతన్ని గని కార్మికుల హాలుకి వెంటబెట్టుకు వెళ్ళాడు. అక్కడ పింగ్‌పాంగ్ బల్లల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి, నురుగు అట్టలు చెక్కి కొండలు పెట్టి, పది పన్నెండుమంది పెద్దమనుషులు బొమ్మ సైనికులతో పాతకాలపు యుద్ధాలు చేస్తున్నారు. టేపు పెట్టి కొలిచి బొమ్మల్ని జరపడం, పాచికలు వేసి ఎవరు చచ్చారో తేల్చడం, మధ్యలో టీ తాగడం. అదీ ఆట. బొమ్మలు వేలెడంత ఉన్నాయి. ఒక్కొక్కడి బొత్తాలు కూడా లెక్కపెట్టుకోవచ్చు.

సిరిల్ బల్ల చుట్టూ ఓసారి తిరిగి వచ్చాడు.

"ఇరవైమందిని నిలబెట్టి సైన్యం అంటున్నారా? వేయించిన చేపల కొట్టు ముందు క్యూలో ఇంతకన్నా ఎక్కువమంది ఉంటారు."

"అయితే నువ్వు చేసి చూపించు" అన్నాడు లెన్.

"చూపిస్తాను."

చూపించాడు కూడా. ఆ సంగతి ఒప్పుకోవాలి. గుండుసూదుల్ని సగానికి కత్తిరించి, గుండుని తలకాయగా ఉంచి, కింద పుట్టీతో ఒళ్ళు దిద్దాడు. సన్న తీగముక్కని ఈటెగా గుచ్చాడు. చిటికెనవేలి గోరంత పొడుగు మనిషి తయారయ్యాడు. అలాంటివాళ్ళని నలుగుర్ని దువ్వెన పళ్ళలా వరసగా నిలబెట్టి రబ్బరుతో అచ్చు తీశాడు. ఆ అచ్చులో పొయ్యడానికి తగరం, సీసం కలిపి కరిగించాలి. కరిగించడానికి అతని భార్య ఏవిస్ పాలగిన్నె పనికొచ్చింది.

"పాలగిన్నె ఏది, సిరిల్?" అని అడిగింది ఏవిస్ మర్నాడు పొద్దున్న.

"సైన్యంలో చేరింది."

"అయితే టీలోకి పాలు కూడా సైన్యాన్నే ఇమ్మను" అని, పాలు లేని టీ అతని ముందు ఠక్కున పెట్టి వెళ్ళిపోయింది.

మొత్తం ఎనిమిది అచ్చులు చేశాడు. గడకర్రంత పొడుగు ఈటె పట్టిన గడకర్రవాడు, కత్తీ డాలూ వాడు, విల్లువాడు, తుపాకివాడు, ఈటె పట్టిన రౌతు, కత్తి పట్టిన రౌతు, ఒక రథం, ఒక ఫిరంగి. ఈ ఎనిమిదింటితో లోకంలో పుట్టిన ప్రతి సైన్యాన్నీ చెయ్యవచ్చని అతని సిద్ధాంతం. దాన్ని హాల్లో టీ కప్పు పట్టుకుని ప్రకటించాడు.

"చెయ్యి చాచినంత దూరంలో పెట్టి చూడండి. ముక్కూ మొహం ఎవడికి కనపడతాయి? గుంపుగా గడకర్రలు పట్టుకు నిలబడ్డవాళ్ళు ఏ దేశం వాళ్ళయితేనేం? ఎరుపు రాస్తే స్విట్జర్లాండు, నీలం రాస్తే స్కాట్లాండు, ఇసకరంగు రాస్తే అలెగ్జాండరు వెనకాల నడిచినవాళ్ళు. మీరేమో ఒక్కొక్కడికీ బొత్తాలు కుడుతూ కూర్చున్నారు. దర్జీలు మీరు. సేనాపతులు కారు."

ఈ ఆలోచనలో వంక పెట్టడానికేమీ లేదు. వంకంతా అది పుట్టిన బుర్రలో ఉంది. ఎందుకంటే ఆ మాట అన్న నోటితోనే సిరిల్ మరో ప్రతిజ్ఞ కూడా చేశాడు. రథాల కాలం నుంచి తుపాకుల కాలం దాకా అన్ని సైన్యాలూ తయారయ్యాకే తను బల్ల దగ్గరికి వస్తాడట. ఒక్క కాలం వాళ్ళని ఆడించి మిగతా వాళ్ళని కూర్చోబెట్టడం చరిత్రకి అన్యాయమట.

అప్పటినుంచి వెనక పడగ్గది అతని కొలువైంది. కార్యాలయంలో పారేస్తున్న, ఊరి పటాలు దాచే సొరుగుల బీరువాలు తెచ్చి సైన్యాలకి పెట్టుకున్నాడు. సాయంత్రం ఇంటికి రావడం, ఉడికించిన బఠాణీల ముద్ద మీద ఇంత పుదీనా సాస్ పోసుకుని గబగబా తినడం, పైకి పోవడం. ఐస్‌క్రీం పుల్లలకి సైనికుల్ని అంటించి, ముందు నల్లరంగు కొట్టి, అది ఆరాక మీద చిన్న బ్రష్షుతో చర్మం రంగు, బట్టల రంగు, ఇనుము రంగు. తరవాత పుల్ల నుంచి ఊడదీసి అట్టముక్కల మీద వరసలుగా అతికించి, చుట్టూ గడ్డిపొడి చల్లడం. ఈజిప్టు అయింది. అస్సిరియా అయింది. గ్రీసు అయ్యేసరికి ఈజిప్టుకి వాడిన తెలుపు పసుపు తిరిగింది. మళ్ళీ ఈజిప్టు దగ్గరికి పోయాడు.

ఆదివారాలు మాత్రం హాలుకి ఠంచనుగా వెళ్ళేవాడు. ఆడ్డానికి కాదు. ఆడేవాళ్ళ వెనక నిలబడి పెదవి విరవడానికి. గట్టు మీద కూర్చుని ఈత నేర్పేవాళ్ళని చాలామందిని చూశాం గాని, ఈయన గట్టు మీదే ముసలివాడయ్యాడు.

"ఆ రౌతుల్ని అక్కడ పెడతారా ఎవరైనా? కుడివైపు ఖాళీ చూసుకున్నావా?"

"నువ్వొచ్చి పెట్టు మరి" అనేవాడు లెన్.

"నా సైన్యం సిద్ధం కానీ."

"ఎప్పుడవుతుంది?"

"స్వీడన్ వాళ్ళు మిగిలారు."

మరుసటి ఏడు అడిగితే టర్కీవాళ్ళు మిగిలేవారు. ఆ పై ఏడు, స్వీడన్ వాళ్ళ జెండాల్లో పొరపాటు దొర్లేది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్న సామెత ఇంగ్లీషువాళ్ళకి లేదు గాని, ఉంటే ఆ హాల్లో రోజుకి పదిసార్లు వినపడేది. సిరిల్‌కి మాత్రం తను భయపడుతున్నాననే అనుమానం కలలో కూడా రాలేదు. తన ఓపికని తనే మెచ్చుకుంటూ గడిపాడు. ఆ ఊళ్ళో అతను మెచ్చుకున్నది అదొక్కటే.

గనుల్లో పెద్ద సమ్మె వచ్చి, ఏడాది సాగి, ఓడిపోయింది. లెన్ ఆ ఏడాదంతా సమ్మెలో ఉన్నాడు. ఇంట్లో పియానో అమ్మేశారు. పిల్లలకి సమ్మెవాళ్ళ ఊరుమ్మడి వంటశాలలో భోజనం. సమ్మె ముగిసిన మొదటి ఆదివారం లెన్ హాలుకి వచ్చి, కోటు కూడా విప్పకుండా టీ కప్పు పట్టుకుని గోడవార కూర్చున్నాడు. ఏమనాలో తెలియక ఒకాయన తన బుట్టలోంచి మాంసం కూరిన రొట్టె సగం విరిచి అతని పక్కన పెట్టాడు.

సిరిల్ వెళ్ళి అతని ముందు నిలబడ్డాడు.

"ఎండాకాలం ముందు సమ్మె మొదలెడతారా ఎవరైనా? బొగ్గు ఎవరికి కావాలి అప్పుడు? గడకర్రలు పట్టుకున్న ఏ మొరటువాణ్ణి అడిగినా చెప్పేవాడు, రుతువు చూసుకోవాలని."

లెన్ కప్పు కింద పెట్టాడు. లేచి, అతన్ని పక్కకి తొయ్యను కూడా తొయ్యకుండా, చుట్టూ తిరిగి బయటికి నడిచాడు. ఆ తరవాత మళ్ళీ ఆటకి వచ్చేవాడు గాని, సిరిల్‌తో మాత్రం మాట లేదు. సిరిల్‌కి అర్థం కాలేదు. తను చెప్పింది నిజమేగా. నిజం చెబితే జనానికి కిట్టదు అనుకుని, ఆ జనం జాబితాలో లెన్‌ని కూడా కలిపేసుకున్నాడు.

ఇలా ఏళ్ళు గడిచాయి. గని మూతపడింది. సిరిల్ ఉద్యోగం కూడా అయిపోయింది. వీధిదీపాలు ఎప్పటిలాగే ఆరుతూ ఉన్నాయి. అప్పుడు హాలుకి గ్లెనిస్ షెల్టన్ వచ్చింది.

ఆవిడ ఊరి బస్సు నడుపుతుంది. పెద్ద భుజాలు, పెద్ద గొంతు. ఎవరితోనైనా బస్సు వెనక సీట్లోవాళ్ళకి వినపడేట్టు మాట్లాడుతుంది. ఆట నేర్చుకుంటానని వచ్చి, సైన్యం కొనడానికి డబ్బెందుకు తగలెయ్యాలని, హాలు అటక మీద పాత బిస్కట్ల డబ్బాలో దొరికిన సైనికుల్ని తీసుకుంది. అవి ఎప్పుడో సిరిల్ వంకర పోయాయని పారేస్తే ఎవరో ఏరి దాచినవి. వాటిని మొక్కజొన్న అటుకుల పెట్టె కత్తిరించి ఆ ముక్కలకి అంటించింది. సగానికి ఎర్రరంగు స్ప్రే కొట్టింది, సగానికి కొట్టలేదు. అంతే. ఓ వారం వాళ్ళు రోమన్లు. మరో వారం వాళ్ళే ఫ్రెంచివాళ్ళు. ఆ గుడ్డి సైన్యంతో ఆవిడ హాల్లో ఒక్కొక్కణ్ణీ వరసబెట్టి ఓడించడం మొదలుపెట్టింది.

సిరిల్ ఆవిడ భుజం వెనక నిలబడ్డాడు.

"ఇదేం సైన్యం? కళ్ళూ ముక్కూ లేకుండా? అట్టముక్క అంచు మీద అటుకుల పెట్టె కోడిపుంజు బొమ్మ కనపడుతోంది."

"చేయి దూరంలో ఎవడికీ కనపడదని నువ్వే అన్నావట కదా, నాయనా" అంది గ్లెనిస్, తల తిప్పకుండానే.

"నేనన్నది రంగు వేసిన తరవాత."

"రంగుల సంగతి నాకు తెలీదు. నాకు గెలవడం తెలుసు. నీ వాళ్ళని తీసుకురా, చూద్దాం."

"సిద్ధంగా లేరు."

హాలంతా చెవులు రిక్కించింది. ఆ వేళ ఏవిస్ కూడా అక్కడే ఉంది. ఆ హాల్లోనే జరిగే చర్చి సంతకి పాతబట్టల మూట ఇవ్వడానికి వచ్చి, గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తోంది. మూట కింద పెట్టి, "వస్తాడమ్మా. వచ్చే ఆదివారం. నేను తీసుకొస్తాను" అంది.

"ఏవిస్!"

"ఏం, టర్కీవాళ్ళు మిగిలారా?"

పక్కబల్ల దగ్గర లెన్ దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ వారం సిరిల్ తిండి సరిగ్గా తినలేదు. ఏ సైన్యాన్ని తీసుకెళ్ళాలి? చివరికి గడకర్రలూ తుపాకులూ కలిసి నడిచిన కాలం వాళ్ళని ఎంచుకున్నాడు. ఆ సైన్యంలో అతని ప్రాణం రౌతుల దళం. ఒక చలికాలమంతా కూర్చుని, ప్రతి గుర్రం నుదుటా ఒకే వెంట్రుక ఉన్న బ్రష్షుతో తెల్లచుక్క పెట్టాడు. చుక్క కనపడాలంటే భూతద్దం కావాలి. చెయ్యి దూరం సిద్ధాంతం ఏమైందని అడిగేవాళ్ళు లేరు.

ఆదివారం సొరుగుల్ని ఏవిస్ కూరలు తెచ్చుకునే చేతిబండిలో పేర్చి, అవి గతుకుల్లో ఎగరకుండా ఒక చెయ్యి మీద వేసి, ఇద్దరూ నడిచి వచ్చారు. సైన్యాన్ని బల్ల మీదికి ఎక్కించేసరికే జనం రెండోసారి టీ తాగారు. నిజంగా అందంగా ఉంది. గడకర్రల గుంపులు ముళ్ళపందుల్లా నిగనిగలాడుతున్నాయి. ఆడడం మానేసి అందరూ చుట్టూ మూగారు. ఆ కాసేపూ సిరిల్ తన జీవితంలో ఎక్కనంత ఎత్తు ఎక్కాడు. అతని వరకు ఆట అక్కడితో అయిపోతే బాగుండేది.

తీర్పరిగా లెన్‌ని పెట్టారు. సిరిల్ గడకర్రల్ని మధ్యలో నిలిపి, రౌతుల్ని ఎడమ పక్క కొండ మీద దాచాడు. గ్లెనిస్ తన ఎర్రముద్దలన్నిట్నీ అతని కుడివైపుకి తోసింది.

"నీ వంతు, నాయనా."

"కొలుస్తున్నాను."

"కొలువు. నా బస్సు రేపు పొద్దున్నే."

చచ్చిన సైనికుల్ని వెయ్యడానికి బల్ల చివర టీ పళ్ళెం ఒకటి పెట్టారు. పాచికలు పడ్డాయి. సిరిల్ వాళ్ళలో ఓ వరస పోయింది. గ్లెనిస్ ఆ ముక్కని రెండు వేళ్ళతో పట్టుకుని పళ్ళెంలోకి విసిరింది. ఖంగుమని మోగింది.

"మెల్లిగా! అంచు పట్టుకుని దించాలి!"

"చచ్చాడుగా. ఇంకేం నొప్పి?"

కుడివైపు కరిగిపోతోంది. రౌతులు దిగి పక్కనుంచి పొడిస్తే గ్లెనిస్ గుంపు రెండుగా చీలిపోతుందని పింగ్‌పాంగ్ ఆడేవాళ్ళకి కూడా తెలుస్తోంది. సిరిల్‌కీ తెలుసు. ముప్ఫై ఏళ్ళ నుంచీ ఇతరులకి అతను చెప్పిన పాఠమే అది. చెయ్యి రెండుసార్లు కొండ మీదికి పోయింది. రెండుసార్లూ ఆ తెల్లచుక్కలు గుర్తొచ్చాయి. తరవాత ఆ పళ్ళెం గుర్తొచ్చింది. చెయ్యి వెనక్కి వచ్చేసింది. మూడోసారికి దింపడానికి యుద్ధం మిగల్లేదు.

"గుర్రాల్ని ఎందుకు దింపలేదు?" అన్నాడు లెన్. సమ్మె తరవాత అతను సిరిల్‌ని అడిగిన మొదటి ప్రశ్న అది.

"రెండో దశకి అట్టేపెట్టాను."

"మొదటి దశకే నిన్ను పాతిపెట్టేశారు కదయ్యా."

హాలు గొల్లుమంది. ఒక్కరు కూడా జాలిపడలేదు. అన్నేళ్ళ పాటు అతని పెదవి విరుపు తిన్నవాళ్ళు ఎందుకు జాలిపడతారు?

తిరుగుదారిలో బండి చక్రం కిర్రుమంటోంది.

"పాచికలు కుదరలేదు" అన్నాడు సిరిల్.

"ఊఁ" అంది ఏవిస్.

"ఆ బల్ల ఓ పక్కకి వాలి ఉంది."

"ఊఁ."

"కిటికీలోంచి ఎండ నా కళ్ళలో పడింది."

ఏవిస్ ఆగి, బూడిదరంగు ఆకాశం వైపు చూసి, "ఎండా!" అంది. ఆడలేక మద్దెల ఓడన్నవాడికి ఆ మద్దెల కూడా దొరకలేదు.

ఇంటికొచ్చి సైన్యాన్ని సొరుగుల్లో సర్దుతున్నాడు. గడకర్రలు వంగాయి, రంగులు గీసుకుపోయాయి. జెండా ఒకటి ఊడి ఎటో పోయింది. రౌతులు మాత్రం పొద్దున్న ఎలా వెళ్ళారో అలాగే ఉన్నారు. ఒక్క గీత లేదు. ఒక్కడు చావలేదు, ఒక్కడు కదల్లేదు. సిరిల్ వాళ్ళని చూస్తూ మంచం అంచున కూర్చున్నాడు. ఊళ్ళో ఎవర్ని చూసినా నోట్లో ఊరే ఆ చేదు ఇప్పుడూ ఊరింది. ఎదురుగా ఎవరూ లేరు. అలవాటుగా ఎవరి మీదికి పోనివ్వాలా అని వెతికాడు. గదిలో తనొక్కడే ఉన్నాడు. జీవితంలో మొదటిసారి సిరిల్‌కి సిరిల్ నచ్చలేదు.

రెండు రోజులు అటూ ఇటూ తిరిగి, మూడో రోజు ఊరి చివర లెన్ కూరగాయల మడి దగ్గరికి వెళ్ళాడు. లెన్ వంగి ఉల్లికాడలకి మట్టి ఎగదోస్తున్నాడు. తలెత్తలేదు.

"సమ్మె అయిన వారం నేనొక మాట అన్నాను" అన్నాడు సిరిల్.

"ఏ మాట?"

"నీకు తెలుసు."

"నాకు తెలుసు. నీకు తెలుసో లేదో చూద్దామని."

సిరిల్ కొత్త భాష మాట్లాడుతున్నవాడిలా ఒక్కొక్క మాటే వెతుక్కున్నాడు. "నువ్వు ఏడాది పాటు నిలబడ్డావు. నేను ఒక మధ్యాహ్నం తగరం గుర్రాన్ని కొండ దింపలేకపోయాను. ఆ మాట అనడానికి నాకు... అంటే, రుతువు విషయంలో నేనన్నది తప్పు కాదనుకో..."

లెన్ నడుం నిటారు చేసి చూశాడు.

"క్షమించమని అడగడం కూడా చేతకాదు కదా నీకు."

"అలవాటు లేదు."

"తెలుస్తోంది." లెన్ మళ్ళీ వంగాడు. మట్టిలోకే చూస్తూ అన్నాడు. "ఆదివారం ఆ గుర్రాల్ని దింపు. చస్తే చస్తాయి."

ఆదివారం దింపాడు. పాచిక పడీ పడకముందే, ఎక్కడికో ఎందుకో చూసుకోకుండా అందర్నీ ఒక్కసారే దింపేశాడు. కిందటి వారం కన్నా త్వరగా ఓడాడు. పళ్ళెం ఖంగుఖంగుమంది. గ్లెనిస్ చేతులు దులుపుకుని, "భేష్, నాయనా! ఇప్పుడు యుద్ధంలో చచ్చినట్టుంది" అంది. సిరిల్ పళ్ళెం ముందుకు వంగి, తెల్లచుక్కల్ని వేళ్ళతో కెలికాడు. మొహం ఎర్రబడింది. "ఇంకో ఆట?" అన్నాడు.

ఆ తరవాత అతను బుద్ధిమంతుడైపోయాడనీ, అణకువ నేర్చాడనీ ఎవరైనా చెబితే నమ్మకండి. సిరిల్ టౌల్ ఓడడంలో కూడా పెద్దరికం వెతుక్కున్నాడు. గెలిచినవాళ్ళకి యుద్ధం గురించి ఏం తెలుస్తుంది, వాళ్ళు ముందుకే చూస్తారు, ఓడినవాడు నాలుగు వైపులా చూస్తాడు అనడం మొదలుపెట్టాడు. ఈ లెక్కన ఆ హాల్లో అతన్ని మించిన పండితుడు లేడు. వారం వారం ఆ పాండిత్యం పెరుగుతూనే ఉంది. భోజనాల బల్ల మీద మిరియాల సీసా తన రౌతుదళం, ఉప్పు సీసా గ్లెనిస్, బఠాణీలు తుపాకివాళ్ళు. ఏవిస్ తినబోతున్న బఠాణీ దగ్గర చెయ్యి అడ్డం పెట్టి, "ఆగు, అదింకా కదల్లేదు" అనేవాడు.

ముప్ఫై ఏళ్ళు ఇంట్లో నోరు విప్పని మొగుడితో కాపురం చేసిన ఏవిస్‌కి, నోరు మూయని మొగుడితో ఎలా చెయ్యాలో కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. ఆవిడ తేలిక దారి చూసుకుంది. సోమవారాలు పక్క ఊరు హీనర్‌లో చెల్లెలి దగ్గరికి పోవడం మొదలుపెట్టింది. ఆ దారి బస్సు గ్లెనిస్‌ది.

"ఏం ఏవిస్, ఎలా ఉన్నాడు మీ ఆయన?"

"రాత్రంతా మిరియాల సీసాతో కొండ దిగుతూనే ఉన్నాడు. నిన్న కూడా ఓడాడా?"

"ఓడాడు. కానీ పాపం, ఈ మాటు నన్ను కొంచెం చెమట పట్టించాడు" అంది గ్లెనిస్, గేరు మారుస్తూ.

"ఆ సంగతి మాత్రం అతనికి చెప్పకు, తల్లీ" అని ఏవిస్ కిటికీ పక్క సీట్లో కూర్చుని, సంచిలోంచి అల్లిక తీసింది.